లాక్ చేసిన టెంప్లేట్ పేజీల సవరణ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా వెబ్‌సైట్లు

అనేక వెబ్‌పేజీలకు ఉమ్మడిగా ఉండే రూపాన్ని ఒకే చోట తయారుచేసి, అందులో కొంత భాగాన్ని పేజీ రాసేవారు మార్చలేకుండా బిగించి, మిగతా భాగాన్ని వారికి వదిలే పద్ధతి ఇది. ఉమ్మడి రూపాన్ని టెంప్లేట్ లేదా మూస అంటారు. బిగించినది లాక్ చేసిన భాగం, వదిలినది మార్చదగిన భాగం. పహాణీ అనే భూమి రికార్డులో అచ్చయిన గళ్ళు ఏ ఊరికైనా ఒకటే, గళ్ళలో రాసే వివరం ఊరూరికీ వేరు; ఇక్కడి ఏర్పాటూ అలాంటిదే. తెలంగాణలోని జిల్లా వెబ్‌సైట్లన్నీ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. పాత వరంగల్ జిల్లా విభజనతో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల సైట్లు ఈ వ్యాసానికి ప్రధాన ఉదాహరణలు. ఏర్పడిన నాటి నుంచి ఈ జిల్లాల హద్దులు, మండలాలు, కార్యాలయాల చిరునామాలు పలుమార్లు మారాయి. అందువల్ల టెంప్లేట్ ఏ పనికి వస్తుందో, ఏ పనికి రాదో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

చరిత్ర

తొలినాళ్ళ వెబ్‌సైట్లలో ప్రతి పేజీ విడి ఫైలు. మెనూలో ఒక లంకె మారితే ఉన్న ఫైళ్ళన్నీ తెరిచి మార్చాల్సి వచ్చేది. 1990ల మధ్యనాటికి సర్వర్ సైడ్ ఇంక్లూడ్ అనే ఉపాయం వచ్చింది. పైపట్టీని, అడుగుపట్టీని వేరే ఫైళ్ళలో పెడితే, పేజీ పంపే సమయంలో సర్వరే వాటిని అతికించేది. మైక్రోసాఫ్ట్ ఫ్రంట్‌పేజ్‌లో ‘షేర్డ్ బోర్డర్స్’ పేరుతో ఇటువంటి సదుపాయమే ఉండేది.

లాక్ అనే భావనకు స్థిరరూపం ఇచ్చింది వెబ్‌పేజీలు తయారుచేసే డ్రీమ్‌వీవర్ సాఫ్ట్‌వేర్. మాక్రోమీడియా సంస్థ దీన్ని 1997 డిసెంబరులో విడుదల చేసింది. 2005లో ఆ సంస్థను అడోబీ కొన్నది. డ్రీమ్‌వీవర్ టెంప్లేట్ డీడబ్ల్యూటీ అనే పొడిగింపుతో, సైటు మూలంలో ఉండే ‘టెంప్లేట్స్’ ఫోల్డరులో భద్రమవుతుంది. అందులో ఏ భాగాన్ని తెరిచి ఉంచాలో గుర్తించి దానికి ఒక పేరు పెడతారు. అలా గుర్తించనిదంతా దానంతటదే లాక్ అవుతుంది. తెరిచి ఉంచినది తప్ప అంతా మూసి ఉంటుందన్న ఈ నియమం తరువాత వచ్చిన వ్యవస్థల్లోనూ కనిపిస్తుంది. 2002లో మాక్రోమీడియా కాంట్రిబ్యూట్ అనే మరో ఉపకరణాన్ని తెచ్చింది. హెచ్‌టీఎంఎల్ రాని ఉద్యోగి కూడా పేజీ తెరిచి, తనకు అనుమతి ఉన్న చోట మాత్రమే వాక్యాలు మార్చేలా దాన్ని రూపొందించారు. అడోబీ 2017లో దాన్ని నిలిపివేసింది.

అప్పటికే ఈ పని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ల చేతికి వెళ్ళింది. 2003 మే 27న విడుదలైన వర్డ్‌ప్రెస్ వంటి వ్యవస్థల్లో పాఠం డేటాబేసులో, రూపం థీమ్‌లో ఉంటాయి. పాఠకుడు పేజీ అడిగినప్పుడు రెండూ కలుస్తాయి. 2018 డిసెంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.0 నుంచి పేజీని బ్లాకులుగా కూర్చే ఎడిటర్ అమల్లోకి వచ్చింది. ఆ తరువాతి కూర్పుల్లో ఒక్కొక్క బ్లాకును కదలకుండా, తొలగించకుండా లాక్ చేసే వీలు కలిగింది.

భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో ‘గైడ్‌లైన్స్ ఫర్ ఇండియన్ గవర్నమెంట్ వెబ్‌సైట్స్’ పేరుతో మార్గదర్శకాలు వెలువడ్డాయి. 1976లో ఏర్పడిన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) వాటిని రూపొందించింది. ప్రతి జిల్లా, ప్రతి శాఖ తనంతట తానుగా వాటిని పాటించే సైటును కట్టుకోవడం కష్టం. ఆ మార్గదర్శకాలను ముందే ఇమిడ్చిన థీమ్‌లతో ఎన్ఐసీ తయారుచేసిన వేదిక ఎస్3వాస్. సెక్యూర్, స్కేలబుల్, సుగమ్య అనే మూడు మాటల తొలి అక్షరాలే ఆ పేరులోని మూడు ఎస్‌లు.

మూడు జిల్లాల నేపథ్యం

2016 అక్టోబరు 11న, దసరా రోజున, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఆనాడే ఏర్పడ్డాయి. మహబూబాబాద్‌లో పాత ఖమ్మం జిల్లాకు చెందిన గార్ల, బయ్యారం కలిశాయి. భూపాలపల్లిలో పాత కరీంనగర్ జిల్లా నుంచి మహదేవపూర్, కాటారం వంటి మండలాలు, ఖమ్మం వైపు నుంచి వెంకటాపురం, వాజేడు చేరాయి. కొత్త కలెక్టరేట్‌కు భవనం, సిబ్బంది సమకూరినట్టే కొత్త వెబ్‌సైటూ సమకూరాలి. పూర్వపు జిల్లా సైటును కోసి ఇవ్వడానికి వీల్లేదు, ఎందుకంటే ఒక్కొక్క కొత్త జిల్లాలో రెండు మూడు పాత జిల్లాల ముక్కలున్నాయి. సిద్ధంగా ఉన్న మూసలో వివరాలు నింపడమే సాధ్యమైన దారి అయింది.

పేజీ నిర్మాణం

ఈ మూడు సైట్లలో ఏది తెరిచినా అమరిక దాదాపు ఒకటే. పైన ‘ప్రధాన విషయానికి వెళ్ళు’ లంకె, అక్షరాల పరిమాణం పెంచే తగ్గించే గుర్తులు, రంగుల వ్యత్యాసం మార్చే మీట, భాష ఎంపిక ఉంటాయి. వాటి కింద రాజముద్ర, జిల్లా పేరు, మెనూ. మెనూలో జిల్లా గురించి, డైరెక్టరీ, శాఖలు, పర్యాటకం, పత్రాలు, ప్రకటనలు, పౌర సేవలు, చిత్రమాలిక వంటి శీర్షికలు. అడుగున సైటు విధానాలు, సహాయం, అభిప్రాయం తెలిపే పేజీ, విషయం జిల్లా యంత్రాంగానిదనీ నిర్మాణం ఎన్ఐసీదనీ చెప్పే వాక్యం, చివరిగా నవీకరించిన తేదీ.

పైపట్టీలోని సదుపాయాలు, అడుగుపట్టీ, పేజీ అమరిక, ఫాంట్లు, భద్రతకు సంబంధించిన కోడ్ లాక్ చేసిన భాగాలు. వీటిని జిల్లా కేంద్రంలోని సిబ్బంది మార్చలేరు, మార్చే అవసరమూ రాకూడదు. జిల్లా చరిత్ర, అధికారుల వివరాలు, పర్యాటక స్థలాలు, టెండర్లు, నియామక ప్రకటనలు, ఫొటోలు మార్చదగిన భాగాలు. జనగామ సైటులో పెంబర్తి లోహకళ గురించి, పాలకుర్తి సోమేశ్వరాలయం గురించి రాసే వాక్యాలు, మహబూబాబాద్ సైటులో కురవి వీరభద్రస్వామి ఆలయం గురించి, గూడూరు మండలంలోని భీముని పాదం జలపాతం గురించి రాసే వాక్యాలు ఈ రెండో కోవకు చెందుతాయి.

ఈ రెండింటికీ మధ్య మూడో కోవ ఒకటుంది. మెనూలో ఏ శీర్షికలు ఏ వరుసలో ఉండాలి, ముందు పేజీలో ఏ పెట్టెలు కనిపించాలి, ఏ థీమ్ వాడాలి వంటివి రోజువారీ రాతపనిలో భాగం కావు, పూర్తిగా మూసినవీ కావు. సైటు నిర్వాహకుడి స్థాయి అనుమతి ఉన్నవారు ఇచ్చిన ఎంపికలలో ఒకదాన్ని ఎంచుకోగలరు. డ్రీమ్‌వీవర్ పరిభాషలో ఐచ్ఛిక భాగాలు, పునరావృత భాగాలు అనేవి ఈ కోవకు దగ్గరివి. ఐచ్ఛిక భాగాన్ని చూపవచ్చు లేదా దాచవచ్చు. పునరావృత భాగంలో పట్టిక రూపం మారదు, వరుసలు ఎన్నయినా చేర్చవచ్చు.

తాళానికి కాపలా ఎవరిది

లాక్‌లన్నీ ఒకే బలంతో ఉండవు. డ్రీమ్‌వీవర్‌లో లాక్ నిజానికి హెచ్‌టీఎంఎల్ ఫైలులో రాసిన వ్యాఖ్యల జత. మార్చదగిన భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అవి చెబుతాయి, ఎడిటర్ వాటిని చదివి మిగతా కోడ్‌ను బూడిదరంగులో చూపి చెయ్యి పెట్టనివ్వదు. అదే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అడ్డేమీ లేదు. అయితే అలా చేసిన మార్పు నిలవదు. టెంప్లేట్‌ను మళ్ళీ మార్చి పేజీలన్నింటినీ నవీకరించినప్పుడు లాక్ చేసిన భాగాల్లోని దొంగమార్పులు చెరిగిపోతాయి. పేజీని టెంప్లేట్ నుంచి విడదీసే ఆదేశం కూడా ఉంది. విడదీస్తే ఆ పేజీలో అన్నీ తెరుచుకుంటాయి, కానీ ఆపై టెంప్లేట్‌లో జరిగే ఏ సవరణా ఆ పేజీకి చేరదు. చిన్న అవసరానికి పేజీని విడదీయడం ఈ పద్ధతిలో అత్యంత ఖరీదైన పొరపాటు, ఎందుకంటే నష్టం ఆరోజు కాక, తరువాత మెనూ మారినప్పుడు బయటపడుతుంది.

ఎస్3వాస్ వంటి వేదికల్లో కాపలా సర్వర్‌ది. రాసేవారు లాగిన్ అయినప్పుడు వారి పాత్రకు తగిన పెట్టెలే తెరమీద వస్తాయి. లాక్ చేసిన కోడ్ వారి కంప్యూటరుకు సవరణ కోసం రానే రాదు కనుక దాన్ని దాటే దారి ఉండదు. మూడో రకం వికీపీడియా తరహా లాక్. అక్కడ ఎవరైనా రాయవచ్చు, ముఖ్యమైన మూసలను మాత్రం నిర్వాహకులు సంరక్షణలో పెడతారు. కారణాలు, చర్చలు, పాత కూర్పులు అన్నీ అందరికీ కనిపిస్తాయి. (చూ. తెలుగు వికీపీడియాలో మూసలు.)

సవరణ విధానం

జిల్లా సైటులో ఒక ప్రకటన చేరడానికి సాధారణ క్రమం ఇది. సంబంధిత శాఖ విషయాన్ని రాతలో పంపుతుంది. రాసే అనుమతి ఉన్న ఉద్యోగి శీర్షిక, వివరణ, మొదలు తేదీ, ముగింపు తేదీ, ఫైలు అనే గళ్ళు నింపుతాడు. పరిశీలించే అధికారి ఆమోదించాక అది పాఠకులకు కనిపిస్తుంది. ముగింపు తేదీ దాటిన ప్రకటన ప్రస్తుత జాబితా నుంచి తప్పుకుని పాతవాటిలోకి వెళుతుంది. ప్రభుత్వ మార్గదర్శకాలు ఇందుకు మూడు విధానపత్రాలు కోరతాయి: విషయాన్ని అందించడం, సరిచూడడం, ఆమోదించడం గురించి ఒకటి, పాతదాన్ని భద్రపరచడం గురించి ఒకటి, ఉన్నదాన్ని ఎప్పటికప్పుడు సమీక్షించడం గురించి ఒకటి. సైటు మొత్తానికి బాధ్యుడిగా వెబ్ ఇన్ఫర్మేషన్ మేనేజర్‌ను నియమించాలని కూడా చెబుతాయి. జిల్లా స్థాయిలో సాంకేతిక సహాయం ఎన్ఐసీ జిల్లా కేంద్రంలోని ఇన్ఫర్మేటిక్స్ అధికారి నుంచి అందుతుంది.

సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి) ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తానుగా 17 అంశాలను ప్రచురించాలని విధిస్తుంది. సంస్థ విధులు, ఉద్యోగుల డైరెక్టరీ, బడ్జెట్ కేటాయింపు, సమాచార అధికారుల పేర్లు వాటిలో ఉన్నాయి. టెంప్లేట్ వీటికి గళ్ళు ఇవ్వగలదు. గడి ఖాళీగా ఉందా, నిండి ఉందా, నిండినది నిజమా అన్నది కార్యాలయం చేతిలోనే ఉంది.

రాసేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. వర్డ్ ఫైలు నుంచి నేరుగా అతికిస్తే దానితోపాటు కనిపించని ఫాంటు, రంగు, పట్టిక గుర్తులు వచ్చిపడతాయి. మార్చదగిన భాగంలోకి దూరిన ఈ గుర్తులు థీమ్ ఇచ్చిన రూపాన్ని కప్పేస్తాయి, ఫోనులో పట్టిక తెర దాటిపోతుంది. లాక్ ఉన్నా పేజీ చెదిరిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. ముడి పాఠంగా అతికించి, శీర్షికలను, జాబితాలను ఎడిటర్‌లోని మీటలతోనే పెట్టడం దీనికి పరిష్కారం.

తెలుగు పాఠం, యూనికోడ్

తెలుగు జిల్లాల్లో ఈ పనికి ప్రత్యేకమైన అడ్డంకి ఫాంటు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పు నుంచే స్థానం ఉంది. అయినా పత్రికా ప్రకటనలు, కరపత్రాలు, ఆహ్వానాలు తయారుచేసే డీటీపీ కేంద్రాల్లో యూనికోడ్‌కు చెందని ‘అను’ ఫాంట్లు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. ఆ ఫాంటులో టైపు చేసిన పాఠాన్ని వెబ్‌పేజీలో అతికిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. దాన్ని కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక ఒత్తులు, సున్నాలు, పొల్లులు చూసుకుని దిద్దాలి. ఈ శ్రమ తప్పించుకోవడానికి కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టడం సులువైన దారి. అలా పెట్టిన ప్రకటన వెతుకులాటలో దొరకదు, తెర చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు.

రెండో చిక్కు ద్విభాషా పేజీలది. తెలుగు పేజీ, ఇంగ్లిష్ పేజీ వేర్వేరు నమోదులు. లాక్ చేసిన భాగంలోని శీర్షికల అనువాదం కేంద్రంలో ఒకసారి జరిగితే అన్ని జిల్లాలకూ సరిపోతుంది. లోపలి పాఠం మాత్రం రెండుసార్లు సవరించాలి. ఒకటి మార్చి మరొకటి మరిస్తే ఒకే జిల్లా గురించి ఒకే సైటు రెండు మాటలు చెబుతుంది. జిల్లావాసుల్లో ఎక్కువమంది చదివేది తెలుగు పేజీ కనుక ముందు దాన్ని సవరించడం న్యాయం.

హద్దులు మారినప్పుడు

2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట జిల్లాలు ఏర్పడి తెలంగాణ జిల్లాలు 33 అయ్యాయి. అప్పటిదాకా 20 మండలాలున్న జయశంకర్ భూపాలపల్లి నుంచి 9 మండలాలు ములుగుకు వెళ్ళగా 11 మిగిలాయి. మేడారం, రామప్ప గుడి, లక్నవరం చెరువు అన్నీ ములుగు పరిధిలోకి చేరాయి. భూపాలపల్లికి కాళేశ్వరం, గణపురం కోటగుళ్ళు, పాండవుల గుట్టలు ఉన్నాయి. ఇటువంటి మార్పులో లాక్ చేసిన భాగంలో ఒక్క అక్షరం మారదు. మార్చాల్సినది విస్తీర్ణం, జనాభా, మండలాల జాబితా, పటం, పర్యాటక పేజీలు, ఎలా చేరుకోవాలో చెప్పే వివరం, పోలీసు స్టేషన్ల, ఆసుపత్రుల డైరెక్టరీలు. ఒక పేజీలో మండలాల సంఖ్య సరిచేసి, మరో పేజీలో పాత పటం వదిలేస్తే లోపం టెంప్లేట్‌ది కాదు.

మహబూబాబాద్‌లో మార్పు ఇంకో రూపంలో వచ్చింది. 2018 ఆగస్టులో తెలంగాణలో తండాలు, గూడేలు ప్రత్యేక పంచాయతీలు అయ్యాయి. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. లంబాడీ తండాలు ఎక్కువగా ఉన్న మహబూబాబాద్ జిల్లాలో ఇది గ్రామ పంచాయతీల జాబితాను తిరగరాసే పని. 2022లో ఇనుగుర్తి, సీరోలు మండలాలు ఏర్పడినప్పుడు మండలాల పేజీ మళ్ళీ మారాల్సి వచ్చింది. జనగామలో సమీకృత కలెక్టరేట్ 2022 ఫిబ్రవరి 11న, మహబూబాబాద్‌లో 2023 జనవరి 12న ప్రారంభమయ్యాయి. ఒక కార్యాలయం కొత్త భవనానికి తరలితే చిరునామా సంప్రదింపుల పేజీలో, శాఖల పేజీల్లో, డైరెక్టరీలో, పటంలో, నింపి పంపాల్సిన దరఖాస్తు పత్రాల్లో మారాలి.

బయటి లంకెలూ ఇటువంటివే. భూముల వివరాలకు 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టల్ వచ్చింది. ధరణి లంకె ఒక ఉమ్మడి పెట్టెలో ఉంటే ఒక్కసారి మార్చితే చాలు. ఒక్కో పేజీ పాఠంలో విడివిడిగా రాసి ఉంటే వాటన్నింటినీ వెతికి పట్టుకోవాలి. అందువల్ల తరచుగా మారే వివరాన్ని, అంటే కలెక్టర్ పేరు, ఫోను నంబరు, పోర్టల్ చిరునామా వంటివాటిని, ఒకే నమోదుగా ఉంచి మిగతా పేజీలు దాన్ని పిలుచుకునేలా అమర్చడం మంచి టెంప్లేట్ లక్షణం.

తెలుగు వికీపీడియాలో మూసలు

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో టెంప్లేట్‌కు స్థిరపడిన పేరు మూస. గ్రామం, మండలం, జిల్లా వ్యాసాల కుడిపక్క కనిపించే సమాచారపెట్టె, అడుగున మండలాల జాబితా చూపే మార్గదర్శన పట్టీ మూసల నుంచి వస్తాయి. వ్యాసంలో పరామితులు మాత్రమే రాస్తారు: గ్రామం పేరు, మండలం, జిల్లా, జనాభా, అక్షాంశ రేఖాంశాలు. 2016 పునర్వ్యవస్థీకరణ తరువాత ఈ మూడు జిల్లాల గ్రామాల వ్యాసాల్లో పాత జిల్లా పేరు, కొత్త జిల్లా పేరు రెండూ నమోదు చేసే పని స్వచ్ఛంద రచయితల మీద పడింది. మార్గదర్శన పట్టీని ఒకచోట దిద్దితే అది వాడిన పేజీలన్నింటికీ చేరుతుంది. సర్వర్ వరుసగా పేజీలను తిరిగి తయారుచేస్తుంది కనుక ఎక్కువ వ్యాసాల్లో వాడిన మూసలో మార్పు అన్నిచోట్లా కనిపించడానికి కొంత సమయం పట్టవచ్చు. వ్యాసం లోపలి వాక్యాలను మాత్రం ఒక్కొక్కటిగా సవరించాలి. జిల్లా సైటులో ఉన్న విభజనే ఇక్కడా ఉంది, కాకపోతే తప్పు చూసిన పాఠకుడు స్వయంగా దిద్దగలడు.

సుగమ్యత, ప్రయోజనం

లాక్ వల్ల కలిగే అతిపెద్ద లాభం చూపు లేనివారికి, చూపు తక్కువగా ఉన్నవారికి. శీర్షికల వరుస, కీబోర్డుతో కదిలే వీలు, రంగుల వ్యత్యాసం అంతర్జాతీయంగా 2008లో వెలువడిన వెబ్ సుగమ్యతా ప్రమాణాలు డబ్ల్యూసీఏజీ 2.0 ప్రకారం ఒకసారి సరిగ్గా అమరితే, జనగామలో కొత్త ఉద్యోగి వచ్చి పేజీ రాసినా అవి చెడవు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలని కోరుతుంది. భద్రతా లోపం బయటపడితే కేంద్రంలో ఒక్క సవరణతో అన్ని జిల్లాలకూ రక్షణ వస్తుంది. ఒక జిల్లా సైటు నుంచి మరో జిల్లా సైటుకు వెళ్ళే పాఠకుడు టెండరు ఎక్కడుందో, ఫోను నంబరు ఎక్కడుందో కొత్తగా నేర్చుకోనక్కరలేదు.

అయితే ఈ రక్షణ మార్చదగిన భాగం గడప దగ్గరే ఆగిపోతుంది. ఫొటోకు వివరణ రాయకపోతే, లంకెకు ‘ఇక్కడ నొక్కండి’ అని మాత్రమే రాస్తే, స్కాన్ కాగితాన్ని ప్రకటనగా పెడితే, చుట్టూ ఉన్న టెంప్లేట్ ఎంత సుగమ్యమైనదైనా ఆ సమాచారం చూపు లేని పాఠకుడికి చేరదు.

పరిమితులు

ఒకే మూస అన్ని జిల్లాలకూ సరిపోవాలన్న నియమం స్థానిక అవసరాలను కొంత కుదిస్తుంది. భూపాలపల్లి బొగ్గు గనుల జిల్లా, గోదావరి ఒడ్డు జిల్లా. వరద హెచ్చరికలు, గోదావరి నీటిమట్టం వంటివి వానాకాలంలో ముందు పేజీలో పెద్దగా కనిపించాలి. మూసలో అందుకు ప్రత్యేక స్థలం లేకపోతే అవి మామూలు ప్రకటనల వరుసలో కలిసిపోతాయి. కొత్త పెట్టె కావాలంటే జిల్లా కోరాలి, వేదిక నిర్వాహకులు చేర్చాలి. లాక్ తెచ్చే ఆలస్యం ఇదే. దానికి బదులుగా ప్రతి జిల్లాకూ కోడ్ తెరిచి ఇస్తే కొన్నాళ్ళకు సైట్ల రూపాలు, భద్రతా స్థాయులు వేరువేరు దారులు పడతాయి. రెండింటిలో మొదటి నష్టమే చిన్నది; జిల్లాల కోరికలను విని మూసలో ఐచ్ఛిక భాగాలు పెంచడం ద్వారా దాన్ని ఇంకా తగ్గించవచ్చు.

జిల్లా సైటులో తప్పు కనిపించిన పాఠకుడు ముందు అది ఏ భాగంలో ఉందో చూడాలి. మీట పనిచేయకపోవడం, మెనూ తెరుచుకోకపోవడం, అక్షరాలు కనబడకపోవడం ఎన్ఐసీ సరిచేయాల్సినవి. పేరు, తేదీ, నంబరు, ఊరు తప్పుగా ఉండడం జిల్లా యంత్రాంగం సరిచేయాల్సినది. పేజీ చిరునామాతో సహా ఆ విషయాన్ని సైటులోని అభిప్రాయాల పేజీ ద్వారా గానీ, కలెక్టరేట్‌కు రాతపూర్వకంగా గానీ తెలపవచ్చు.